మన బస్సు రూట్లు కదిపిన కుర్చీ

ఆదోని బస్టాండులో ఎమ్మిగనూరు బస్సు కోసం ఎదురుచూసేటప్పుడు ఎవరికైనా ఒకటే టెన్షన్. సీటు దొరుకుతుందా, లేదా? కానీ కర్నూలు జిల్లా పడమటి వైపు తిరిగే బస్సుల గొడవ వల్ల ఒకప్పుడు హైదరాబాద్‌లో ఏకంగా ముఖ్యమంత్రి సీటే ఖాళీ అయింది. ఆ సీటు ఖాళీ చేసిన పెద్దమనిషి 13 ఏళ్ల తర్వాత భారత రాష్ట్రపతి అయ్యారు. రాష్ట్రపతి భవన్‌లో ఉండగా ఆయన్ని అభిశంసించాలనే మాట కూడా లేచింది.

ఆయనే నీలం సంజీవరెడ్డి. సొంతూరు పక్కనే ఉన్న అనంతపురం జిల్లా. మన కథకు హీరో ఆయనా, విలన్ ఆయనా అంటే చెప్పడం కష్టం. రెండూ కాదేమో. ఒక కుర్రదేశం తన నాయకుల్ని ప్రశ్నించడం ఎలా నేర్చుకుందో చూడాలంటే మాత్రం ఇంతకంటే మంచి కథ మనవైపు దొరకదు.

2024 డిసెంబర్‌లో దక్షిణ కొరియా అధ్యక్షుడి మీద ఇంపీచ్‌మెంట్ ఓటు పడినప్పుడు మన ఫోన్లలో కూడా ఆ వీడియోలే తిరిగాయి. "అబ్బా, ప్రజాస్వామ్యం అంటే అదిరా!" అని స్టేటస్‌లు పెట్టినవాళ్లు చాలామంది. బాగానే ఉంది. కానీ అక్కడిదాకా వెళ్లేముందు మన పడమటి కర్నూలు కేసు ఒకసారి చూద్దాం. ఇంపీచ్‌మెంట్ అనే మాటే వాడకుండా, ఆ పాఠం మొత్తం 1964లోనే అక్కడ ఉంది.

వరుస ఎవరు మార్చారు?

ముందు కొంచెం బ్యాక్‌గ్రౌండ్. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు 1953 అక్టోబర్ 1 దాకా బళ్లారి జిల్లాలో ఉండేవి. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఇటు వచ్చాయి. ఎమ్మిగనూరు అప్పట్లో ఆదోని తాలూకాలోదే. 1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ పుట్టింది. 1958 జనవరిలో రోడ్డు రవాణా సంస్థ, అంటే మన ఆర్టీసీ, కార్పొరేషన్‌గా మారింది. అన్నీ కొత్తవే. రాష్ట్రం కొత్త, జిల్లా సరిహద్దులు కొత్త, కార్పొరేషన్ కొత్త.

ఆ రోజుల్లో జిల్లాల్లో బస్సులు నడిపేది ఎక్కువగా ప్రైవేటు ఓనర్లే. వాళ్ల రూట్లను ఒక్కో ప్రాంతంలో జాతీయం చేసుకుంటూ ఆర్టీసీకి ఇవ్వాలని ప్రభుత్వం అనుకుంది. ఆలోచన తప్పేం కాదు. చట్టం కూడా ఉంది. 1939 మోటారు వాహనాల చట్టంలో దీనికోసమే 4ఏ అధ్యాయం చేర్చారు. దాని ప్రకారం ముందు ఆర్టీసీ ఒక స్కీమ్ తయారుచేసి అందరికీ తెలిసేలా ప్రకటించాలి. ఈ రూట్లు ప్రజల మేలు కోసం తీసుకోవడం అవసరమని ఆ సంస్థే స్వయంగా నిర్ణయానికి రావాలి. ఓనర్ల అభ్యంతరాలు వినాలి. ఆ తర్వాతే ప్రభుత్వం ఆమోదించాలి.

ముందు అనుకున్న వరుసలో కర్నూలు జిల్లా నంబర్ తర్వాతెప్పుడో ఉంది. 1962 ఎన్నికలయ్యాయి. సంజీవరెడ్డి మన జిల్లాలోని డోన్ నుంచే గెలిచి మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. కొద్ది నెలల్లోనే వరుస మారిపోయింది. కర్నూలు జిల్లా, అది కూడా మొత్తం జిల్లా కాదు, పడమటి సగం మాత్రం ముందుకొచ్చింది.

ఎందుకు సగమే? ఎందుకు పడమరే? ఓనర్లు అడిగిన ప్రశ్న ఇదే. ఎన్నికల్లో తాము ముఖ్యమంత్రి ప్రత్యర్థుల వైపు పనిచేశామని, ఆ కక్షతోనే తమ పర్మిట్లు ముందు లాక్కుంటున్నారని వాళ్ల ఆరోపణ. స్కీమ్ పేరుకు ఆర్టీసీది, బుర్ర ముఖ్యమంత్రిది అన్నారు. హైకోర్టు తర్వాత సుప్రీంకోర్టుకు వెళ్లారు. లా చదివేవాళ్ల పుస్తకాల్లో ఇది రౌజీ కేసు. సి.ఎస్. రౌజీ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, 1964.

జవాబివ్వాల్సిన మనిషి జవాబివ్వలేదు

ఇక్కడే అసలు ట్విస్ట్. కక్ష అనేది మనసులో ఉండేది. దాన్ని కోర్టులో రుజువు చేయడం మామూలు విషయం కాదు. ఆరోపణ ఎవరైనా చేయొచ్చు. ముఖ్యమంత్రి స్థాయి మనిషి మీద వచ్చే ప్రతి మాటనూ కోర్టు నమ్మేయదు కూడా. మరి ఓనర్లు ఎలా గెలిచారు?

వాళ్లు తమ ఆరోపణను ప్రమాణం చేసి అఫిడవిట్‌లో రాశారు. ఎవరు, ఎప్పుడు, ఎందుకు అని వివరంగా పెట్టారు. దానికి ప్రభుత్వం తరఫున, కార్పొరేషన్ తరఫున అధికారులు జవాబులు వేశారు. ఆరోపణ ఎవరి మీద ఉందో ఆయన, అంటే ముఖ్యమంత్రి, మాత్రం "ఇది నిజం కాదు" అని ఒక్క అఫిడవిట్ కూడా వేయలేదు.

ఐటీలో పనిచేసే వాళ్లకి ఇది ఈజీగా అర్థమవుతుంది. రాత్రి సర్వర్ పడిపోయింది. ఆ మార్పు ఎవరు చేశారో లాగ్‌లో ఉంది. పొద్దున మీటింగ్‌లో ఆ మనిషి మాట్లాడకుండా, పక్క టీమ్ మేనేజర్ లేచి "మావాడు అలాంటోడు కాదు సార్" అంటే సరిపోతుందా? ఆ మార్పు ఎందుకు చేశావో నువ్వు చెప్పాలి. నీ తలకాయలో ఏముందో పక్కోడికి ఎలా తెలుస్తుంది?

సుప్రీంకోర్టు పట్టుకున్న పాయింట్ అదే. ముఖ్యమంత్రి మనసులో ఏముందో అధికారులు ప్రమాణం చేసి చెప్పలేరు. చెప్పగలిగిన మనిషి చెప్పలేదు. వరుస ఉన్నట్టుండి మారడం, జిల్లాలో సగాన్ని మాత్రమే తీసుకోవడం కళ్లముందు కనిపిస్తున్నాయి. కాబట్టి ఖండించని ఆరోపణను కోర్టు నిజమనే తీసుకుంది. నిర్ణయం కార్పొరేషన్ తనంతట తాను తీసుకున్నది కాదని తేల్చి ఆ స్కీమ్‌లను కొట్టేసింది.

ఒకటి గమనించండి. బస్సుల్ని జాతీయం చేయడం తప్పని కోర్టు అనలేదు. ప్రభుత్వానికి ఆ అధికారం లేదనీ అనలేదు. ఉన్న అధికారాన్ని వేరే ఉద్దేశంతో వాడారన్నదే విషయం. అధికారం ఉండటం వేరు, దాన్ని దేనికోసం వాడావో చెప్పాల్సి రావడం వేరు. కుర్రదేశాలు చాలావరకు తడబడేది ఈ రెండో దగ్గరే.

దిగమని ఎవరూ అనలేదు

తీర్పులో ముఖ్యమంత్రిని దిగిపొమ్మని లేదు. అసెంబ్లీలో ఆయన పార్టీకి బలం ఉంది. అవిశ్వాసం పెట్టినా నెగ్గేది కాదు. ఇవాళ్టి రాజకీయం అయితే "రివ్యూ పిటిషన్ వేస్తున్నాం, ఇది ప్రతిపక్షాల కుట్ర" అని ప్రెస్‌మీట్ పెట్టి మర్నాడు మామూలుగా ఆఫీసుకు వెళ్లిపోయేవాళ్లు.

సంజీవరెడ్డి 1964 ఫిబ్రవరిలో రాజీనామా చేశారు. ఆయన స్థానంలో కాసు బ్రహ్మానందరెడ్డి వచ్చారు.

అప్పటికి మన రిపబ్లిక్ వయసు 14 ఏళ్లు. టెన్త్ క్లాస్ పిల్లాడి వయసు. ఆ వయసులోనే, కర్నూలు జిల్లాలో కొందరు బస్సు ఓనర్లు ఢిల్లీదాకా వెళ్లి ముఖ్యమంత్రి మీద కేసు గెలిచారు. ఆయన కుర్చీ దిగిపోయారు. అల్లర్లు లేవు, సైన్యం లేదు, ఎమ్మెల్యేల్ని బస్సెక్కించి దాచడమూ లేదు.

ఆయన్ని మరీ మెచ్చుకోవాల్సిన పనిలేదు. అఫిడవిట్ వేయని మనిషే ఆయన. జవాబు చెప్పాల్సిన చోట చెప్పలేదు. కానీ జవాబు చెప్పనందుకు ధర కట్టారు. రెండూ ఒకే మనిషిలో ఉన్నాయి. మనకేమో ఏదో ఒకటే చూడటం అలవాటు.

దిగిపోయినంత మాత్రాన ఆయన కథ అయిపోలేదు. అదే ఏడాది లాల్ బహదూర్ శాస్త్రి మంత్రివర్గంలో చేరారు. 1967లో హిందూపురం నుంచి లోక్‌సభకు గెలిచి స్పీకర్ అయ్యారు. అంటే పదవి వదిలితే జీవితం అయిపోతుందన్న భయం నిజం కాదు. ఆ భయం ఉన్నచోటే నాయకులు కుర్చీకి అతుక్కుపోతారు.

కోర్టుకు వచ్చిన రాష్ట్రపతి

1969లో రాష్ట్రపతి ఎన్నిక. కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి సంజీవరెడ్డి. ఎదురుగా స్వతంత్ర అభ్యర్థి వి.వి. గిరి, బరంపురం తెలుగాయన. ఇందిరాగాంధీ గిరి వైపు మొగ్గారు. రెండో ప్రాధాన్య ఓట్లు లెక్కపెట్టాక గిరి గెలిచారు.

ఆ ఎన్నికను సవాలు చేస్తూ సుప్రీంకోర్టులో పిటిషన్ పడింది. ఎన్నికలప్పుడు సంజీవరెడ్డిని కించపరుస్తూ ఒక కరపత్రం పంచారని, దాని వెనక గిరి మనుషులున్నారని ఆరోపణ. ఈసారి ఏం జరిగిందో తెలుసా? పదవిలో ఉన్న రాష్ట్రపతి స్వయంగా సుప్రీంకోర్టుకు వచ్చి సాక్ష్యం చెప్పారు. భారత రాష్ట్రపతి అలా కోర్టులో సాక్ష్యం ఇవ్వడం అదే మొదటిసారి. 1970లో పిటిషన్ కొట్టేశారు, గిరి పదవిలో కొనసాగారు.

రెండు కేసుల్ని పక్కపక్కన పెట్టి చూడండి. 1964లో జవాబివ్వని ముఖ్యమంత్రి కుర్చీ పోగొట్టుకున్నారు. 1970లో వచ్చి జవాబిచ్చిన రాష్ట్రపతి కుర్చీ నిలబెట్టుకున్నారు. అడిగితే పరువు పోతుందని మనవాళ్లు అనుకుంటారు. గిరి విషయంలో జవాబు చెప్పడం వల్ల ఆ పదవి పరువు తగ్గలేదు, పెరిగింది.

పోగొట్టిన జిల్లాయే నిలబెట్టింది

1977 ఎన్నికల్లో ఉత్తరాదిలో ఇందిర వ్యతిరేక గాలి. మన రాష్ట్రంలో రివర్స్. 42 లోక్‌సభ సీట్లలో 41 కాంగ్రెస్‌వే. మిగిలిన ఆ ఒక్క సీటు నంద్యాల. గెలిచింది జనతా పార్టీ తరఫున నిలబడ్డ సంజీవరెడ్డి. నంద్యాల అప్పుడు కర్నూలు జిల్లాలోనే ఉంది. బస్సు కేసుతో ఆయన ముఖ్యమంత్రి పదవికి గండి పెట్టిన జిల్లాయే 13 ఏళ్ల తర్వాత ఆయన్ని ఢిల్లీ పంపింది.

అక్కడ మళ్లీ స్పీకర్ అయ్యారు. కొద్ది నెలలకే రాష్ట్రపతి ఎన్నిక వచ్చింది. 37 మంది నామినేషన్లు వేస్తే 36 చెల్లలేదు. అలా ఏకగ్రీవంగా ఎన్నికైన ఏకైక రాష్ట్రపతి ఆయనే. 1977 జూలై 25న ప్రమాణం చేశారు.

మన ఎమ్మెల్యే ఓటు: 159 నుంచి సున్నాకి

రాష్ట్రపతిని ఎన్నుకునేవాళ్లలో ఎమ్మెల్యేలు కూడా ఉంటారు. 2022 ఎన్నికలో ఆంధ్రప్రదేశ్ ఎమ్మెల్యే ఒక్కొక్కరి ఓటు విలువ 159. ఆదోని ఎమ్మెల్యేకి 159, ఎమ్మిగనూరు ఎమ్మెల్యేకి 159. తెలంగాణలో అయితే 132.

అదే రాష్ట్రపతిని తీసేయాలంటే? మన ఎమ్మెల్యే ఓటు విలువ సున్నా. రాజ్యాంగంలోని 61వ అధికరణ ప్రకారం అభిశంసన పార్లమెంటు పని. అసెంబ్లీలకు అందులో చోటు లేదు. ఇంకో తమాషా, రాష్ట్రపతి ఎన్నికలో ఓటు లేని నామినేటెడ్ ఎంపీలు అభిశంసనలో మాత్రం ఓటేయొచ్చు. ఎన్నుకునేది ఒక గుంపు, దించేది ఇంకో గుంపు.

ప్రాసెస్ ఇలా ఉంటుంది. ఆరోపణ ఒక్కటే, రాజ్యాంగాన్ని ఉల్లంఘించడం. లోక్‌సభలో గానీ రాజ్యసభలో గానీ పెట్టొచ్చు. ఆ సభలో నాలుగో వంతు మంది సంతకాలతో 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. తర్వాత సభ మొత్తం సంఖ్యలో మూడింట రెండు వంతుల మంది ఒప్పుకోవాలి. ఆ రోజు వచ్చినవాళ్లలో కాదు, మొత్తం సంఖ్యలో. 543 మంది లోక్‌సభలో అంటే 362. అప్పుడు రెండో సభ విచారణ చేస్తుంది. రాష్ట్రపతి స్వయంగా గానీ, తన ప్రతినిధి ద్వారా గానీ జవాబు చెప్పుకోవచ్చు. అక్కడ కూడా మూడింట రెండు వంతులు "రుజువైంది" అంటేనే పదవి పోతుంది.

ఈ డిజైన్‌లో మూడు ముక్కలున్నాయి. ఆరోపణ రాతలో ఉండాలి. ఆరోపణ ఎదుర్కొనే మనిషికి జవాబు చెప్పే అవకాశం ఉండాలి. ఆరోపణ చేసినవాళ్లు ఒకరైతే తీర్పు చెప్పేవాళ్లు ఇంకొకరు కావాలి. మన బస్సు కేసులో కూడా ఇవే మూడు. ఓనర్ల అఫిడవిట్, రాని జవాబు, కోర్టు తీర్పు.

1979: సభే లేని సమయం

ఈ 61వ అధికరణ ఇప్పటిదాకా ఒక్కసారి కూడా చివరిదాకా వెళ్లలేదు. మాట మాత్రం గట్టిగా లేచింది, అది మన సంజీవరెడ్డి మీదే.

1979 జూలైలో మొరార్జీ దేశాయ్ ప్రభుత్వం పడిపోయింది. రాష్ట్రపతి చరణ్ సింగ్‌ని పిలిచి ప్రమాణం చేయించారు. బలం నిరూపించుకోవాల్సిన రోజు వచ్చేసరికి కాంగ్రెస్ (ఐ) మద్దతు తీసేసింది. ఆగస్టు 20న చరణ్ సింగ్ లోక్‌సభను ఎదుర్కోకుండానే రాజీనామా చేసి, సభను రద్దు చేయమని సలహా ఇచ్చారు. అటు జగ్జీవన్ రామ్ తనకు అవకాశం ఇవ్వమని అడుగుతున్నారు. ఆగస్టు 22న రాష్ట్రపతి లోక్‌సభను రద్దు చేశారు.

జనతా నాయకులకు కాలింది. ఒక్కసారి కూడా బలం చూపించని ప్రధాని సలహాకు విలువేంటి అన్నారు. ఇంపీచ్ చేయాలన్నారు. రాష్ట్రపతి వైపు వాదన కూడా ఉంది. ఎవరికీ నిలబడే బలం లేదు, మళ్లీ ఫిరాయింపుల బేరాలు మొదలవుతాయి, ప్రజల దగ్గరికే వెళ్దాం. ఎవరు కరెక్టో రాజ్యాంగ పండితులు ఇప్పటికీ తేల్చుకోలేదు.

కానీ ఆ కోపంలో ఒక ప్రాక్టికల్ సమస్య ఉంది. అభిశంసనకు రెండు సభలూ కావాలి. రద్దయింది లోక్‌సభ. రాజ్యసభ ఆరోపణ పెట్టినా, విచారించడానికి రెండో సభే లేదు! ఏ పని మీద ఆరోపణో, ఆ పనే విచారణ తలుపు మూసేసింది. 1980 జనవరిలో కొత్త లోక్‌సభ వచ్చేసరికి జనతాకి మిగిలింది 31 సీట్లు. ఇందిర మళ్లీ ప్రధాని. అభిశంసన మాట గాల్లో కలిసిపోయింది. సంజీవరెడ్డి 1982లో పదవీకాలం పూర్తిచేసుకుని వెళ్లిపోయారు.

కొరియా ఒక దారి, పెరూ ఇంకో దారి

ఇప్పుడు మళ్లీ ఫోన్ వీడియోల దగ్గరికి వద్దాం.

దక్షిణ కొరియాలో ప్రజలు నేరుగా అధ్యక్షుణ్ని ఎన్నుకునే పద్ధతి తిరిగొచ్చింది 1987లో. అంటే ప్రజాస్వామ్యంగా మనకంటే చాలా చిన్నది. 2016 డిసెంబర్‌లో అక్కడి పార్లమెంటు పార్క్ గున్-హేని అభిశంసించింది. 300లో 234 ఓట్లు. అయినా అంతటితో ఆమె పదవి పోలేదు. రాజ్యాంగ న్యాయస్థానం విచారించి 2017 మార్చి 10న 8-0తో తేల్చాకే పోయింది.

2024 డిసెంబర్ 3 రాత్రి యూన్ సుక్ యోల్ సైనిక పాలన ప్రకటించారు. కొన్ని గంటల్లోనే ఎంపీలు సభకు చేరుకుని 190-0తో దాన్ని తిప్పికొట్టారు. డిసెంబర్ 7న అభిశంసన ఓటు కోరం లేక ఆగిపోయింది. 14న 204 ఓట్లతో నెగ్గింది. 2025 ఏప్రిల్ 4న న్యాయస్థానం మళ్లీ 8-0తో ఆయన్ని తీసేసింది. జూన్ 3న ఎన్నికలు జరిగాయి. ఆరోపణ, జవాబు, తీర్పు, ఎన్నిక. ఒక్క మెట్టు కూడా ఎగరగొట్టలేదు.

పెరూ దీనికి పూర్తిగా ఉల్టా. అక్కడి రాజ్యాంగంలో "నైతిక అసమర్థత" అనే కారణంతో కాంగ్రెస్ అధ్యక్షుణ్ని తీసేయొచ్చు. ఆ మాటకు అర్థం ఏంటంటే, ఆ రోజు సభలో ఎన్ని ఓట్లున్నాయో అదే అర్థం. 2018లో కుచిన్‌స్కీ ఓటింగ్‌కు ముందే రాజీనామా చేశారు. 2020లో విజ్కారా, 2022లో కస్తియో, 2025లో బోలువార్తే పదవులు పోయాయి. ఒక్కొక్కరి మీద సీరియస్ ఆరోపణలున్నాయి, కాదనలేం. కానీ అధ్యక్షులు మారినంత వేగంగా అక్కడి జనానికి వ్యవస్థ మీద నమ్మకం పెరిగిందా అంటే, లేదనే చెప్పాలి.

కాబట్టి ఎంతమందిని దించారనేది కొలబద్ద కాదు. అస్సలు దించకపోవడమూ కాదు. దించేముందు అడిగారా, అడిగితే ఆ మనిషి చెప్పాడా అన్నదే కొలబద్ద.

మన గల్లీలో సంగతేంటి?

ఇక మన ఊరి దగ్గరికి వద్దాం. మున్సిపల్ ఛైర్‌పర్సన్, మేయర్, మండల అధ్యక్షుడు, జడ్పీ ఛైర్‌పర్సన్, ఉప సర్పంచ్... వీళ్లని అవిశ్వాస తీర్మానంతో తీసేయొచ్చు. సర్పంచ్‌ని తీసేయలేరు, ఆయన్ని జనం నేరుగా ఎన్నుకుంటారు కాబట్టి. సర్పంచ్ తప్పు చేస్తే చర్య తీసుకునే అధికారం కలెక్టర్‌ది.

అవిశ్వాసానికీ అభిశంసనకీ తేడా ఇక్కడే ఉంది. అవిశ్వాసానికి కారణం రుజువు చేయక్కర్లేదు. నంబర్ ఉంటే చాలు. "నీ మీద మాకు నమ్మకం లేదు" అంటే అయిపోయింది. పార్లమెంటరీ పద్ధతిలో అది న్యాయమైనదే. కానీ పార్టీ గాలి మారిన ప్రతిసారీ అదే ఆయుధం అయితే, ప్రశ్న మాయమై లెక్క ఒక్కటే మిగులుతుంది.

2025 ఏప్రిల్ 19న విశాఖ మేయర్ 74 ఓట్లతో పదవి పోగొట్టుకున్నారు. 2021లో ఎన్నికైన మున్సిపల్ పాలకవర్గాలకు నాలుగేళ్లు నిండాయి. రాష్ట్రంలో ప్రభుత్వం కూడా మారింది. ఓటింగ్‌కు ముందు కార్పొరేటర్ల క్యాంపులు దేశం దాటి వెళ్లాయని వార్తలు చదివాం. ఏ రిసార్టు, ఏ ఫ్లైట్ అని చర్చ. నగరంలో నీళ్లు, చెత్త, లెక్కల గురించి మేయర్ మీద ఉన్న ఆరోపణ ఏంటి, ఆమె జవాబేంటి? అవి ఎంతమందికి గుర్తున్నాయి?

క్యాంపులకు మనదగ్గర పాత చరిత్రే ఉంది. 1984 ఆగస్టు 16న గవర్నర్ రాంలాల్ ఎన్టీఆర్ ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేసి నాదెండ్ల భాస్కరరావుతో ప్రమాణం చేయించినప్పుడు, ఎన్టీఆర్ తన ఎమ్మెల్యేలను కర్ణాటక తీసుకెళ్లి కాపాడుకున్నారు. 31 రోజుల తర్వాత, సెప్టెంబర్ 16న, మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. ఆ రోజు క్యాంపు పెట్టింది సభలో బలం చూపించే అవకాశం ఇవ్వనందుకు. ఇప్పుడు క్యాంపు పెడుతున్నది సభలో బలం తయారుచేయడానికి. పేరు అదే, పని వేరు.

ఫీల్డ్ అసిస్టెంట్ జవాబు చెప్పాలి, మరి పెద్దోళ్లు?

జవాబు అడిగే అలవాటు మనకు లేదా అంటే, ఉంది. అది కూడా మన పల్లెల్లోనే.

ఆదోని, కోసిగి, పెద్దకడుబూరు వైపు ఊళ్ల నుంచి ఏటా ఎంతమంది గుంటూరు మిరప కోతలకు, బెంగళూరు బిల్డింగ్ పనులకు సుగ్గికి పోతారో మనకు కొత్తగా చెప్పక్కర్లేదు. అలాంటి చోట ఉపాధి హామీ పని రోజుకో ముద్ద. ఆ పనుల మీద సామాజిక తనిఖీని ఆంధ్రప్రదేశ్ 2006లోనే మొదలుపెట్టింది. తనిఖీ టీమ్ ఊరికొస్తుంది. మస్టర్ రోల్ పట్టుకుని ఇంటింటికీ తిరుగుతుంది. "అమ్మా, ఈ వారం నువ్వు ఆరు రోజులు పనికి పోయినట్టు రాశారు, పోయినావా?" అని అడుగుతుంది. ఆఖర్లో మండలంలో ప్రజావేదిక పెడతారు. అందరి ముందు రిపోర్ట్ చదువుతారు. ఫీల్డ్ అసిస్టెంట్ లేచి జవాబు చెప్పాలి. అధికారి అక్కడే కూర్చుని విని నిర్ణయం చెబుతారు.

మళ్లీ అవే మూడు ముక్కలు. రాతలో ఆరోపణ, మనిషి నోటి జవాబు, వేరేవాళ్ల తీర్పు. రాష్ట్రపతి కోసం రాజ్యాంగం రాసిన పద్ధతి, చిన్న సైజులో, షామియానా కింద. దాంట్లో లోపాలు లేవని కాదు. కుమ్మక్కులు, బెదిరింపులు, రికవరీ కాని డబ్బులు అన్నీ ఉంటాయి. కానీ చదువురాని ఒక అవ్వ మైకు తీసుకుని "నాకు దుడ్లు రాలేదు" అంటే ఎదుటి మనిషి సమాధానం వెతుక్కోవాల్సిందే.

అసలు ఇబ్బంది ఏంటంటే, ఆ షామియానా కింద నిలబడేది ఎప్పుడూ చిన్న ఉద్యోగే. కాలువ ఎందుకు ఆగింది, రోడ్డు వరుస ఎందుకు మారింది, మా మండలం లిస్టులోంచి ఎందుకు పోయింది అని పెద్దోళ్లని నిలబెట్టి అడిగే వేదికకు మాత్రం మనం అలవాటు పడలేదు. వాళ్లు గెలిస్తే పటాకులు, ఓడితే పటాకులు. మధ్యలో అయిదేళ్లు ట్రోలింగ్.

1962లో బస్సు ఓనర్లు అడిగింది నిజానికి చాలా చిన్న ప్రశ్న. "వరుస ఎందుకు మారింది?" నినాదం కాదు, తిట్టు కాదు. తేదీ, కాగితం, పేరు పెట్టి అడిగారు. వాళ్లు గొప్ప ప్రజాస్వామ్యవాదులని కాదు, తమ వ్యాపారం కోసమే అడిగారు. అయినా ఆ ఒక్క ప్రశ్నకు జవాబు రాకపోయేసరికి ఒక ముఖ్యమంత్రి ఇంటికి వెళ్లారు.

ఈసారి మన ఎమ్మెల్యేనో, ఛైర్‌పర్సనో, పెద్ద నాయకుడో దిగిపోవాలని మీకు కోపమొస్తే, వాట్సాప్ స్టేటస్ పెట్టేముందు మూడు సంగతులు చూడండి. ఆరోపణ ఏంటో ఒక్క వాక్యంలో రాయగలరా? దానికి ఆ మనిషి ఏం చెప్పాడో విన్నారా? తేల్చేది మీరు కాకుండా ఇంకెవరు? మూడింటికీ మీ దగ్గర సమాధానం ఉంటే ఆ కోపానికి బలం ఉన్నట్టే. సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టడానికి ఆ మొదటి వాక్యం చాలు. పది రూపాయల ఫీజు, తెలుగులోనే రాయొచ్చు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలని చట్టం చెబుతోంది.